మూడో ఏడాదిలో మీ డ్రాఫ్ట్ ఎవరు చదువుతారు?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది అనంతపురం జిల్లా. హైదరాబాద్‌లో ఎంఏ ఎకనమిక్స్ చేశాను. రెండేళ్లుగా ఒక పరిశోధన సంస్థలో రీసెర్చ్ అసోసియేట్‌గా ఊళ్లు తిరిగి సర్వేలు చేయిస్తున్నాను. ఉపాధి హామీ కూలి డబ్బులు ఎందుకు ఆలస్యమవుతాయి, ఒక పథకం కాగితం మీద ఒకలా, మండలాఫీసులో ఇంకోలా ఎందుకు నడుస్తుంది అన్నదే నా ఆసక్తి. ఈసారి పీహెచ్‌డీకి తొమ్మిది చోట్ల అప్లై చేస్తే రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం, ఎకనమిక్స్. ఐదేళ్లూ టీఏ (ప్రొఫెసర్ల క్లాసులకు సాయం, పేపర్లు దిద్దడం), ఏడాదికి 26 వేల డాలర్లు. డెవలప్‌మెంట్ ఎకనమిక్స్ వాళ్లు ముగ్గురున్నారు. రెండోది తూర్పు తీరంలో అందరికీ పేరు తెలిసిన ప్రైవేటు విశ్వవిద్యాలయం, పబ్లిక్ పాలసీ. నాలుగేళ్లకు గ్యారంటీ, ఏడాదికి 41 వేల డాలర్లు, మొదటి రెండేళ్లు టీఏ పని లేని ఫెలోషిప్. నా అంశం మీద పనిచేసేది ఒక్క ప్రొఫెసరే, కానీ చాలా పెద్దాయన. ఆయనే జూమ్‌లో మాట్లాడి రమ్మన్నారు. డల్లాస్‌లో ఉన్న మా బాబాయి ‘పేరున్న చోటే చేరు, మిగతావన్నీ తర్వాత’ అంటున్నారు. ఎంఏలో మాకు చెప్పిన సార్ ‘ఎకనమిక్స్ వదలొద్దు’ అంటున్నారు. నాకు లెక్కలు వస్తాయి గానీ ప్రూఫులంటే టెన్షన్. ఎప్పటికైనా ఇక్కడికే వచ్చి పాఠం చెబుతూ, ప్రభుత్వంతో కలిసి పనిచేయాలని ఉంది. ఏది తీసుకోమంటారు? ఏప్రిల్ 15 లోపు చెప్పాలి. ఇంకో సంగతి, ఇంట్లో పెళ్లి చేసి పంపిస్తామంటున్నారు.

- ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందు మీ డల్లాస్ బాబాయి గారి మాట తేల్చేద్దాం. ఇంట్లో అందరూ దాన్నే పట్టుకుని కూర్చుని ఉంటారు కాబట్టి.

ఆయన చెప్పింది ఎంఎస్‌కి నిజం. ఎంఎస్ చేసినవాళ్ల రెజ్యూమెను కంపెనీవాళ్లు అరనిమిషం చూస్తారు. ఆ అరనిమిషంలో కంటికి ఆనేది యూనివర్సిటీ పేరే. పీహెచ్‌డీ తర్వాత ఉద్యోగాల సంత వేరు. ఆఖరి ఏడాది దసరా, దీపావళి రోజుల్లో అమెరికన్ ఎకనమిక్ అసోసియేషన్ నడిపే ఉద్యోగ ప్రకటనల జాబితా ముందు కూర్చుని, ఒక్కొక్కరు వంద చోట్లకు పైగా అప్లికేషన్లు పంపుతారు. వాటితో పాటు వెళ్లే బరువైన కాగితాలు రెండే. ఒకటి జాబ్ మార్కెట్ పేపర్ అని పిలిచే మీ ఒక్క పరిశోధన వ్యాసం. రెండోది మీ ప్రొఫెసర్లు రాసిన లేఖలు, మామూలుగా మూడు. మా రోజుల్లో జనవరి సమావేశాలప్పుడు హోటల్ గదుల్లో, కుర్చీలు చాలకపోతే మంచం అంచున కూర్చుని ఇంటర్వ్యూలు చేసేవారు. కోవిడ్ తర్వాత అవి ఆన్‌లైన్‌కి మారాయి. గది మారింది గానీ, చదివే కాగితాలు మారలేదు.

అంటే మిమ్మల్ని నిలబెట్టేది యూనివర్సిటీ పేరు కన్నా మీ విభాగం పేరు, అంతకన్నా ఆ లేఖలు రాసేవాళ్ల పేర్లు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్న సామెత కొన్ని పెద్ద విశ్వవిద్యాలయాల్లోని చిన్న విభాగాలకు బాగా అతుకుతుంది. అలాగని పేరు ఉత్తదే అంటే అబద్ధం చెప్పినట్టే. మన సెక్రటేరియట్‌లో ఒక కార్యదర్శి గారి అపాయింట్‌మెంట్ అడిగినప్పుడు ఆ పేరు పనిచేస్తుంది. కన్సల్టింగ్ కంపెనీల్లో పనిచేస్తుంది. పెళ్లి పందిట్లో చాలా బాగా పనిచేస్తుంది. ఈ మూడూ మీకు ఎంత ముఖ్యమో మీరే చూసుకోండి.

ఇక ఎకనమిక్సా, పాలసీయా అన్నది. ఈ రెండు డిగ్రీల మధ్య ఒక వంకర ఉంది, బ్రోషర్లలో దాన్ని రాయరు. పబ్లిక్ పాలసీ స్కూళ్లలో పాఠాలు చెప్పేవాళ్లను చూడండి. అందులో చాలామంది ఎకనమిక్స్ పీహెచ్‌డీలే, తర్వాత పొలిటికల్ సైన్స్ వాళ్లు. పాలసీ పీహెచ్‌డీ చేసినవాళ్లను ఎకనమిక్స్ విభాగాలు తీసుకోవడం మాత్రం అరుదు. ఎకనమిక్స్ నుంచి పాలసీకి దారి రెండు లేన్ల రోడ్డు. అటునుంచి ఇటు వచ్చే దారి కాలిబాట, నడవొచ్చు గానీ ముళ్లుంటాయి. అంతర్జాతీయ ద్రవ్యనిధి ఎకనమిస్ట్ ప్రోగ్రామ్ లాంటి వాటికి మాక్రో, అంటే దేశం మొత్తం ఆర్థిక వ్యవస్థ గురించిన చదువు, చదివి ఉండాలి. పాలసీ వాళ్లు సాధారణంగా మాక్రో జోలికి పోరు. మీకు ద్రవ్యనిధి మీద కన్ను లేదని ఉత్తరం చూస్తే అర్థమవుతోంది. అయినా పాతికేళ్ల వయసులో ఏ తలుపు మూస్తున్నామో తెలిసి మూయడం మంచిది.

పాలసీ పీహెచ్‌డీలన్నీ ఒక్క గాటన కట్టేవి కావు. మిషిగన్‌లో ఫోర్డ్ స్కూల్ వాళ్లు పబ్లిక్ పాలసీతో పాటు ఎకనమిక్స్‌నో, పొలిటికల్ సైన్స్‌నో, సోషియాలజీనో కలిపి జాయింట్ పీహెచ్‌డీ ఇస్తారు. హార్వర్డ్ కెనడీ స్కూల్‌లో ఎకనమిక్స్ వైపు మొగ్గేవాళ్లు ఎకనమిక్స్ విభాగం విద్యార్థులతో పాటే క్లాసులో కూర్చుంటారు. అలాంటి చోట డిగ్రీ మీద ఏ మాట రాసి ఉన్నా లోపలి సరుకు ఒకటే. ఇంకొన్ని చోట్ల పాలసీ స్కూల్ తన సొంత మైక్రో (మనుషులు, సంస్థల నిర్ణయాల చదువు), సొంత స్టాటిస్టిక్స్ నడుపుకుంటుంది. అవి తీసిపారేసేవని అనను. కాకపోతే రేపు ఎకనమిస్టులు మీ పేపర్ చదివేటప్పుడు వేసే మొదటి ప్రశ్న ‘కోర్ ఎక్కడ చేశారు?’ అనే. కోర్ అంటే మొదటి ఏడాది తప్పనిసరి పాఠాలు. మీ రెండో ఆఫర్ ఏ రకమో మీ ఉత్తరంలో లేదు. నా సలహా సగం దాని మీదే ఆధారపడి ఉంది, కాబట్టి ఈ రాత్రే ఆ ప్రోగ్రామ్ డైరెక్టర్‌కు ఒక ఈమెయిల్ రాయండి. మొదటి ఏడాది మైక్రో, ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక విషయాలకు వాడే గణాంకాలు) పాఠాలు ఎకనమిక్స్ విభాగంలో కూర్చుని చదవొచ్చా? మొదటి ఏడాది చివర వాళ్లు పెట్టే ప్రిలిమ్ పరీక్ష రాయనిస్తారా? థీసిస్ కమిటీలోకి ఎకనమిక్స్ ప్రొఫెసర్‌ను తీసుకోవచ్చా? గత రెండు మూడేళ్లలో ఎవరైనా అలా చేశారా? ఈ చివరి ప్రశ్న మరిచిపోకండి. ‘చేయొచ్చు’ అన్న మాటకూ ‘చేశారు’ అన్న మాటకూ ఎంత దూరమో ప్రభుత్వ పథకాల మీద పనిచేసే మీకు నేను చెప్పాలా.

మీ అంశం గురించి ఒక మాట. మీది అనంతపురం జిల్లా అన్నారు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది మీ జిల్లాలోని బండ్లపల్లిలోనే, అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ప్రారంభించారు. ఆ పథకం కూలి డబ్బుల మీద ఇప్పటికీ అందరూ చెప్పుకునే పరిశోధన కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే. కూలి, పింఛన్ల చెల్లింపులకు బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు, ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించి 157 మండలాల్లో, దాదాపు 1 కోటి 90 లక్షల జనాభా మీద దాని ఫలితాన్ని కొలిచారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ రాసిన ఆ పేపర్ 2016లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూ అనే పరిశోధన పత్రికలో వచ్చింది. కొత్త పద్ధతి సరిగ్గా అమలు కాని చోట్లు చాలా ఉన్నా, మొత్తం మీద డబ్బులు త్వరగా అందాయని, మధ్యలో కారిపోయేది తగ్గిందని తేల్చారు. మీరు అడుగుతున్న ప్రశ్నకు ఇది సొంత అన్నలాంటిది. రాసిన ముగ్గురూ ఎకనమిక్స్ పీహెచ్‌డీలే. ఇదే పథకం మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న ఆర్థికవేత్త జాన్ డ్రెజ్ పీహెచ్‌డీ చేసింది ఢిల్లీ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో, అదీ ఎకనమిక్సే. ప్రభుత్వం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే డిగ్రీ మీద ‘పాలసీ’ అన్న మాట ఉండి తీరాలనేమీ లేదు. మీకు ఆ మాట తీపిగా వినిపించడానికి కారణం ప్రూఫుల భయమేమో, ఒకసారి నిజాయితీగా ఆలోచించుకోండి. ఉత్తరంలో ఆ వాక్యాన్ని మీరు మధ్యలో దాచినట్టు రాశారు గానీ, నా కళ్లు ముందు పడింది దాని మీదే.

ఆ భయం ఉత్తది కాదు, ఒప్పుకుంటాను. ఎకనమిక్స్ మొదటి ఏడాది అంటే మైక్రో, మాక్రో, ఎకనోమెట్రిక్స్. ఊళ్లు, కూలీలు, మస్టర్ రోళ్లు ఏమీ కనిపించవు. ఆగస్టులో మ్యాథ్ క్యాంపుతో మొదలై మరుసటి వేసవిలో ప్రిలిమ్స్‌తో ముగుస్తుంది. చాలా చోట్ల రెండు అవకాశాలిస్తారు, రెండూ తప్పితే మాస్టర్స్ చేతిలో పెట్టి పంపేస్తారు. నా బ్యాచ్‌లో 17 మందిమి చేరాం, రెండో ఏడాదికి 10 మందిమి మిగిలాం. వెళ్లిపోయిన ఏడుగురిలో నా కన్నా తెలివైనవాళ్లు కనీసం నలుగురున్నారు. నేను గట్టెక్కింది తెలివితో కాదు. ముగ్గురం కలిసి ప్రతి ఆదివారం ఒక బోర్డు ముందు నిలబడి, పుస్తకం మూసి, ఒకరికొకరం ప్రూఫులు చెప్పుకునేవాళ్లం. ప్రూఫు అనేది ఈత లాంటిది, గట్టున కూర్చుని చదివితే రాదు. ఆగస్టు దాకా మీకు నాలుగు నెలలుంది. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో రియల్ అనాలిసిస్ (ప్రూఫులతో నడిచే గణితం) పాఠాలు ఉచితంగా ఉన్నాయి. రోజూ గంట పెట్టి, చూసి వదిలేయకుండా లెక్కలు చేతితో చేయండి. సీక్వెన్సులు, కంటిన్యుటీ, కాంపాక్ట్ సెట్ల దాకా వస్తే మొదటి సెమిస్టర్‌కి చాలు. ఇంకో మాట, పాలసీకి వెళ్తే ఇది తప్పుతుందని అనుకోకండి. పైన చెప్పిన మంచి రకం పాలసీ ప్రోగ్రామ్ అయితే అక్కడా ఇదే మైక్రో క్లాసు. తప్పిందంటే అది రెండో రకం అన్నమాట.

ఇప్పుడు ప్లేస్‌మెంట్ పేజీలు. రెండు విభాగాలూ తమ వెబ్‌సైట్లో ఏ ఏడాది ఎవరికి ఏ ఉద్యోగం వచ్చిందో పెడతాయి. అందరూ పైనున్న నాలుగు మంచి పేర్లు చూసి మురిసిపోతారు. మీరు మధ్యవాణ్ణి చూడండి. ఏడాదికి పదిమంది బయటికొస్తుంటే ఐదోవాడు, ఆరోవాడు ఎక్కడున్నారు? మీరు ఆ మధ్యలో ఉండే అవకాశమే ఎక్కువ, నేనూ అక్కడే ఉన్నాను. తర్వాత లేని పేర్లు లెక్కపెట్టండి. ఆరేళ్ల కిందట 15 మంది చేరిన చోట ప్లేస్‌మెంట్ పేజీలో ఏడు పేర్లే ఉంటే మిగతా ఎనిమిది మంది ఏమయ్యారు? పాత విద్యార్థుల పేజీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి, ఓ గంట కూర్చుంటే తేలిపోతుంది. నేరుగా అడిగినా తప్పులేదు, ‘గత మూడేళ్లలో ఎంతమంది చేరారు, ఎంతమంది ప్రిలిమ్స్ దాటారు?’ అని. సూటిగా జవాబు చెప్పే డైరెక్టర్ ఉన్న చోట మీకు సగం నెమ్మది దొరికినట్టే. పాలసీ పేజీ చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త. అక్కడి ఉద్యోగాల్లో యూనివర్సిటీలవి ఎన్ని, థింక్ ట్యాంకులవి ఎన్ని, పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు) ఎన్ని అన్నది విడదీసి చూడండి. 2025లో అమెరికా ప్రభుత్వం ఉద్యోగ నియామకాలు ఆపేసింది, ఆ జులైలో విదేశాలకు సాయం అందించే యూఎస్‌ఎయిడ్ మూతపడింది. ఆ డబ్బు మీద నడిచే సంస్థలన్నీ ఒక్కసారి కుదుపుకు గురయ్యాయి. అందుకని 2025కి ముందు ప్లేస్‌మెంట్లు చూసి లెక్కలు వేసుకుంటే తేడా వస్తుంది. రెండు డిగ్రీలకూ ఇది దెబ్బే. కాకపోతే పాలసీ వాళ్లలో అటువైపు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఎక్కువ కాబట్టి దెబ్బా ఎక్కువే.

పెద్దాయన దగ్గరికి వద్దాం. ఆయన స్వయంగా మాట్లాడారంటే గర్వపడాల్సిందే. నేనైతే ఆ రోజు ఊరంతా చెప్పుకునేదాన్ని. కానీ మీ అంశం మీద పనిచేసేది ఆయన ఒక్కరే అని మీరే రాశారు. నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో ఎంఐటీలో ఉన్నారని డెవలప్‌మెంట్ చదవాలనుకునే ప్రపంచమంతా అక్కడికి అప్లై చేసేది. 2025 అక్టోబర్‌లో, వాళ్లిద్దరూ మరుసటి ఏడాది జులై నుంచి స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి వెళ్తున్నారని ప్రకటన వచ్చింది. ఎంఐటీలో ఆ రంగంలో ఇంకా గట్టివాళ్లున్నారు కాబట్టి అక్కడి విద్యార్థులకు నీడ పోదు. ఒక్క చెట్టే ఉన్న చోట అయితే?

నాకు జరిగింది చెబుతాను. మూడో ఏడాది మొదట్లో మా అడ్వైజర్ ఇంకో విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. మంచి మనిషే, ఆయన కష్టాలు ఆయనవి. ‘ఈమెయిల్‌లో ఉంటాను’ అన్నారు. నిజంగానే ఉన్నారు, కాకపోతే నా డ్రాఫ్ట్ మీద కామెంట్లు వచ్చేసరికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ నేను లైబ్రరీకి వెళ్లడం, రావడం, అదే పట్టికను మళ్లీ మళ్లీ ఫార్మాట్ చేయడం తప్ప ఏమీ చేయలేదు. పీహెచ్‌డీలో మొదటి ఏడాది కష్టం అందరికీ కనిపిస్తుంది, తోడు కూడా దొరుకుతుంది. మూడో ఏడాది అలా కాదు. క్లాసులుండవు, పరీక్షలుండవు, పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పరు. మన దగ్గర చదువంటే సిలబస్, హాల్ టికెట్, మార్కులు. ఇవేవీ లేని ఏడాది మనవాళ్లకు ఒక రకం షాక్. నన్ను చివరికి ఆదుకున్నది మా విభాగంలోనే ఉన్న ఇద్దరు జూనియర్ ప్రొఫెసర్లు. వాళ్ల పేర్లు చేరేటప్పుడు నేను కనీసం చూసుకోలేదు. అందుకే ‘డెవలప్‌మెంట్ వాళ్లు ముగ్గురు’ అన్న మీ వాక్యం నాకు 41 వేల డాలర్ల కన్నా పెద్దగా కనిపించింది.

అయితే ఆ ముగ్గురూ నిజంగా ఉన్నారో లేదో చూడండి. ఒకరు రిటైర్మెంట్‌కి దగ్గర్లో, ఒకరు టెన్యూర్ (శాశ్వత ఉద్యోగం) ఇంకా రాక వేరే చోట్లకు చూసుకుంటూ, ఒకరు డీన్ పనుల్లో మునిగి ఉంటే ముగ్గురు కాస్తా సున్నా అవుతారు. మార్చిలో విజిట్ డేలో, అంటే ఆఫర్ వచ్చినవాళ్లకు విభాగాన్ని పరిచయం చేసే రోజున, మీరు ఆన్‌లైన్‌లో చేరి ఉంటారు కదా, అక్కడ మాట్లాడేది ఎక్కువగా మొదటి ఏడాది పిల్లలు. వాళ్లకు ఇంకా ఏమీ తెలియదు. మూడు, నాలుగో ఏడాది వాళ్ల పేర్లు విభాగం పేజీలో ఉంటాయి, ఇద్దరికి సొంతంగా ఈమెయిల్ రాయండి. మనదేశం వాళ్లయితే ఫోన్లో అరగంట మాట్లాడతారు. ‘మీ అడ్వైజర్ ఎలాంటివారు?’ అని అడిగితే ‘చాలా మంచివారు’ అంటారు, లాభం లేదు. ‘మీ ఆఖరి డ్రాఫ్ట్ ఆయన ఎన్నాళ్లలో చదివిచ్చారు? గత సెమిస్టర్‌లో ఎన్నిసార్లు కూర్చుని మాట్లాడారు?’ అని అడగండి. ఇవే ప్రశ్నలు పెద్దాయన విద్యార్థులనూ అడగండి. అంత పెద్దాయన దగ్గర ఏకకాలంలో ఎంతమంది ఉన్నారో కూడా.

డబ్బు విషయం కాగితం మీద తేలినంత తేలికగా తేలదు. నాలుగేళ్లకు 41 వేలంటే 1 లక్షా 64 వేల డాలర్లు. ఐదేళ్లకు 26 వేలంటే 1 లక్షా 30 వేలు. పాలసీదే ఎక్కువలా ఉంది, కానీ ఎకనమిక్స్ అయినా పాలసీ అయినా ఈ చదువు నాలుగేళ్లలో ముగియడం ఇప్పుడు అరుదు, ఐదు, ఆరేళ్లు పడుతుంది. ఐదో ఏడాది ఎవరు పోస్తారో రాతపూర్వకంగా అడగండి. ‘మామూలుగా ఏదో ఒకటి దొరుకుతుంది’ అంటే, గత ఏడాది ఐదో ఏడాదిలో ఉన్నవాళ్లందరికీ దొరికిందా అని అడగండి. తూర్పు తీరపు పెద్ద నగరంలో గది అద్దె మిడ్‌వెస్ట్ చిన్న ఊళ్లో కన్నా రెట్టింపు ఉండటం మామూలే. 26 వేలు తొమ్మిది నెలల జీతమా, పన్నెండు నెలలదా? వేసవికి వేరేగా ఇస్తారా? ఆరోగ్య బీమా, స్టూడెంట్ ఫీజులు అందులోంచే కడతారా? ఇంకో చిన్న విషయం, చాలామందికి చేరాక గానీ తెలియదు. పని చేయించుకోకుండా ఇచ్చే ఫెలోషిప్ డబ్బులో మనలాంటి ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్లకు 14 శాతం పన్ను ముందే పట్టుకుంటారు. టీఏ జీతానికి మామూలు జీతం లెక్కే. భారత్, అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, రిటర్న్ వేస్తే కొంత వెనక్కి వస్తుంది. మొదటి ఏడాది నెలనెలా చేతికొచ్చేది మాత్రం తగ్గుతుంది. రెండేళ్లు టీఏ పని లేకపోవడం మాత్రం నిజంగా వరమే, దాన్ని తక్కువ చేయను. వారానికి 20 గంటలు పేపర్లు దిద్దుతూ ప్రిలిమ్స్‌కి చదవడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అందుకని మిడ్‌వెస్ట్ వాళ్లకు మర్యాదగా రాయండి, ఇంకో చోట మొదటి రెండేళ్లు ఫెలోషిప్ ఇస్తున్నారు, మొదటి ఏడాదికైనా టీఏ తగ్గించగలరా అని. కుదిరితే కుదురుతుంది, లేకపోతే లేదు. అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకోరు.

ఐ-20 (వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం) మీద ఉండే ప్రోగ్రామ్ కోడ్ కూడా కనుక్కోండి. ఎకనోమెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనమిక్స్ కింద వచ్చే 45.0603 అయితే చదువయ్యాక ఓపీటీ (అక్కడే ఉండి పనిచేయడానికి ఇచ్చే అనుమతి) 12 నెలలకు మరో 24 నెలలు కలుస్తాయి. ఉత్త ఎకనమిక్స్ కోడ్ అయితే ఆ 24 ఉండవు. పాలసీ వాళ్లది ఏ కోడో వాళ్లనే అడగాలి. మీరు తిరిగి వచ్చేద్దామనుకుంటున్నారు నిజమే, కానీ ఆరేళ్ల తర్వాతి మనసు గురించి ఇప్పుడే ఒట్టు పెట్టుకోకండి.

తిరిగొచ్చే సంగతే చూద్దాం. ఇక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు యూజీసీ 2018 నిబంధనల్లో, క్యూఎస్, టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్, షాంఘై ర్యాంకింగుల్లో దేనిలోనైనా ఏనాడైనా మొదటి 500లో ఉన్న విదేశీ విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ ఉంటే నెట్ పరీక్ష పాస్ కాకపోయినా సరిపోతుంది. మీ రెండింటికీ ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు, చూసుకోండి. అసలు తిరకాసు ‘సంబంధిత సబ్జెక్టు’ అన్న మాట దగ్గర వస్తుంది. స్టేట్ యూనివర్సిటీ ఎకనమిక్స్ పోస్టుకు స్క్రూటినీ చేసే గుమాస్తా పబ్లిక్ పాలసీ అన్న డిగ్రీ చూసి పక్కన పెట్టేస్తే, అది అనుబంధ సబ్జెక్టేనని నిరూపించే పని మీ నెత్తిన పడుతుంది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు, ఐఎస్‌బీ, ఐఐఎంల లాంటి వాటికి ఈ పట్టింపు లేదు, వాళ్లు పేపర్లు చూస్తారు. హైదరాబాద్‌లో గీతం వాళ్ల కౌటిల్య స్కూల్ లాంటివి వచ్చాక పాలసీ చదువుకూ ఇక్కడ చోటు ఏర్పడింది. అయినా ఎకనమిక్స్ డిగ్రీ ఉన్నవాళ్లు ఈ రెండు చోట్లా కూర్చోగలరు.

పెళ్లి విషయంలో నేను పెద్దమ్మలా తీర్పు చెప్పను. ఒక్క సంగతి మీ అమ్మానాన్నలకు చెప్పండి. మీ వీసా మీద వచ్చే భర్తకు ఎఫ్-2 ఇస్తారు, దాని మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఆయనకు అక్కడ సొంతంగా వీసా, పని ఉంటే అది వేరు. లేకపోతే 26 వేల డాలర్లలో ఇద్దరు, అందులో ఒకరు రోజంతా ఇంట్లో. పైగా మొదటి ఏడాది ప్రిలిమ్స్. సంబంధాలు చూసేటప్పుడు ఈ లెక్క అవతలివాళ్లకూ ముందే తెలియాలి. అంతకన్నా మీకు, మీ ఇంటికి నేనెవర్ని చెప్పడానికి.

సరే, ఏది తీసుకోమంటారు అని అడిగారు కదా. మీరు రాసినంత వరకే చూసి చెబితే, నేనైతే మిడ్‌వెస్ట్‌కి వెళ్తాను. ముగ్గురు మనుషులు, ఐదేళ్ల హామీ, రెండు వైపులా పనికొచ్చే డిగ్రీ. రెండు జవాబులు కలిసి వస్తే మాత్రం మనసు మార్చుకుంటాను. పాలసీ విద్యార్థులు ఎకనమిక్స్ కోర్ చదివి, ఆ విభాగం ప్రొఫెసర్లతో కమిటీలు కట్టుకున్న ఉదాహరణలు కళ్లకు కనిపించాలి, ఐదో ఏడాది డబ్బు కాగితం మీద ఉండాలి. ఈ రెండూ ఉంటే ఆ పెద్దాయన ఒక్కరే ఉన్నారన్న భయం తగ్గిపోతుంది, అప్పుడు బాబాయి గారి మాటే గెలిచినా నాకు అభ్యంతరం లేదు. ఒకటుండి ఇంకోటి లేకపోతే మళ్లీ మిడ్‌వెస్టే. ఆ ముగ్గురిలో కనీసం ఇద్దరు గట్టిగా నిలబడి ఉన్నారని అక్కడి సీనియర్లు చెబితేనే సుమా.

ఏప్రిల్ 15 అన్నది మీ ఒక్కరికే పెట్టిన గడువు కాదు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు కలిసి చేసుకున్న ఒప్పందం అది, ఆర్థిక సాయంతో కూడిన ఆఫర్‌కి అంతకన్నా ముందు జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. ఎవరైనా ‘ఈ వారంలోనే చెప్పండి’ అంటే భయపడకండి. చెప్పాక మాత్రం ఐ-20, విద్యార్థి వీసాకు ముందు కట్టే సెవిస్ ఫీజు, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో స్లాటు వెంటవెంటనే చూసుకోండి. 2025 మే చివర్లో విద్యార్థి వీసాల కొత్త అపాయింట్‌మెంట్లు మూడు వారాలు ఆపేసినప్పుడు ఎంతమంది పిల్లలు విమానం టికెట్లు పట్టుకుని కూర్చున్నారో మీకు గుర్తుండే ఉంటుంది.

తేల్చుకున్న గంటలోనే రెండో చోటుకు ‘రావడం లేదు’ అని రెండు వాక్యాలు రాసేయండి. 15 దాకా ఉంచుకోవచ్చు కదా అని ఉంచుకోకండి. ఆ సీటు కోసం వెయిట్‌లిస్ట్‌లో ఒకరు ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంటారు. నాకు సీటు వచ్చింది ఏప్రిల్ 14 రాత్రి పదకొండున్నరకు. నేను ముఖం కూడా చూడని ఎవరో ఆ రోజు వద్దనుకున్నారట.